ముందు చిరిగేది రబ్బరు బూటు, తర్వాతే బాల్ జాయింటు

పోయిన సంక్రాంతికి నెల ముందు నుంచీ మా కారు ముందు వైపు ఒక చప్పుడు మొదలైంది. పెద్ద చప్పుడేం కాదు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర స్పీడు బ్రేకరు దిగేటప్పుడు ఎడమ చక్రం దగ్గర ఒకసారి ‘టక్’, సెల్లారులోకి స్టీరింగ్ మొత్తం తిప్పి దిగేటప్పుడు ఇంకోసారి ‘టక్’, అంతే. హైవే మీద వినపడదు. ఏసీ వేసి పాటలు పెడితే సిటీలో కూడా వినపడదు. "ఆ పాట సౌండు కొంచెం పెంచండి, అదే పోతుంది" అంది మా ఆవిడ. తొమ్మిదేళ్ల బండి, 92 వేల కిలోమీటర్లు తిరిగింది, ఏదో ఒకటి మోగుతూనే ఉంటుందిలే అని నేనూ కొన్నాళ్లు ఊరుకున్నాను.

కానీ నాకో జబ్బుంది. చప్పుడు ఒకసారి చెవిన పడిందంటే ఇక పాట వినపడదు, అదే వినపడుతుంది.

ఇంటి దగ్గర షెడ్డుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు బానెట్ మీద రెండు చేతులూ ఆనించి బండిని నాలుగుసార్లు కిందికి నొక్కి "షాకప్‌లు పోయినయ్ సార్, రెండూ మార్చాలె" అన్నాడు. నొక్కి వదిలేస్తే బండి ఒక్కసారి పైకి లేచి ఆగిపోయింది. షాకప్ పోతే అలా ఆగదు, ఉయ్యాలలా ఇంకో రెండు మూడుసార్లు ఊగుతుంది, పైగా గొట్టం మీద ఆయిల్ కారిన మరక కూడా లేదు. ఆ మాటే అంటే "మీ ఇష్టం సార్" అన్నాడు. ఇంకో చోట లింక్ రాడ్లు, అంటే సస్పెన్షన్‌లో ఉండే చిన్న కడ్డీలు, అన్నారు. చవకలో పోతుంది కదా అని సరే అన్నాను, కూలీతో కలిపి 1,400 అయ్యింది. మూడు వారాలు చప్పుడు తగ్గినట్టే అనిపించింది, డబ్బులు పెట్టాం కాబట్టి అలా అనిపించిందేమో కూడా.

పండక్కి ఊరు బయల్దేరాం. సూర్యాపేట దాటాక రోడ్డు ఖాళీ దొరికి స్పీడు పెంచితే బండి ఒక గీత మీద నిలబడట్లేదు, స్టీరింగ్ కదలకుండా పట్టుకున్నా కొంచెం ఎడమకి, కొంచెం కుడికి, తాగినోడి నడకలాగా. గాలి అనుకున్నాను. గుడివాడ దగ్గర మా అత్తగారి ఊళ్లో బండి ఆపాక మా బావమరిది ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని "బావా, ఈ టైరు లోపలంచు ఎప్పుడైనా చూశావా?" అన్నాడు. చెయ్యి పెట్టి చూస్తే బయటి అంచు బాగానే ఉంది, లోపలి అంచు మాత్రం సాన పట్టినట్టు నున్నగా అరిగిపోయి ఉంది. నిలబడి చూస్తే కనపడని చోటు అది. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్.

తిరుగు ప్రయాణంలో విజయవాడ ఆటోనగర్‌లో ఆగాం. పండగ అయిన మూడో రోజు, సగం షెడ్లు ఇంకా తెరవలేదు. బావమరిదికి తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, అరవై దాటి ఉంటాయి. నేను చెప్పేది సగం కూడా వినకుండా నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్‌ని అటు ఒక అంగుళం, ఇటు ఒక అంగుళం ఆడిస్తూ ఉండమని చెప్పి, గోనెసంచి పరుచుకుని చక్రం వెనక చెయ్యి దూర్చాడు. అర నిమిషం కూడా పట్టలేదు. "దిగండి బాబూ, మీరే వచ్చి వేలు పెట్టి చూడండి" అన్నాడు. హెల్పర్ కుర్రాడు స్టీరింగ్ ఆడిస్తుంటే నేను వేలు పెట్టాను. ప్రతిసారీ వేలి కింద ‘కటుక్’ మని ఒక చిన్న తన్ను. చెవికి నెల రోజులుగా దొరకనిది వేలికి దొరికింది.

ఫోను లైటు వేసి చూస్తే సంగతి అర్థమైంది. చక్రాన్ని దాని చోట పట్టి ఉంచే బాల్ జాయింటు చుట్టూ ఉండాల్సిన రబ్బరు తొడుగు, బూటు అంటారు దాన్ని, మధ్యలో గుండ్రంగా చిరిగి పెదవి వేలాడేసినట్టు వేలాడుతోంది. లోపల గ్రీజు లేదు. గ్రీజు ఉండాల్సిన చోట ఇటుక రంగు ముద్ద, దాని మీద నల్లరేగడి మట్టి ఎండి సిమెంటులా గట్టిపడి ఉంది. మా అత్తగారి ఊరికి చివరి నాలుగు కిలోమీటర్లు కాలవగట్టు రోడ్డే. ప్రతి వానాకాలం ఆ బురదలోంచే వెళ్లి వస్తున్నాం, ఆ బూటు ఎన్ని వానాకాలాల కింద చిరిగిందో ఏమో.

స్కూల్లో బంతి గిన్నె కీలు అని చదువుకున్నాం, భుజం దగ్గరా తుంటి దగ్గరా ఉండేది. బాల్ జాయింటు అంటే అచ్చంగా అదే. గట్టిపరిచిన ఉక్కు గుండు, దానికి తొడిమలా ఒక స్టడ్డు, ఆ గుండు కూర్చునే గిన్నె, గుండుకీ గిన్నెకీ మధ్య నున్నటి ప్లాస్టిక్ పొర, గ్రీజు, వీటన్నిటి మీదా రబ్బరు బూటు. చక్రం గుంటలో పడి లేవాలి, అదే సమయంలో స్టీరింగ్‌తో పాటు పక్కకీ తిరగాలి, ఈ రెండు పనులూ ఒకే చోట జరగాలంటే మామూలు బోల్టుతో కుదరదు, ఇలాంటి కీలే కావాలి. చక్రాన్ని మోసే నకిల్‌నీ, బండి కింద అడ్డంగా ఉండే లోయర్ ఆర్మ్‌నీ కలిపేది ఇదే. లారీల్లాంటి బరువు బండ్లలో ఇప్పటికీ ఈ పని కింగ్‌పిన్ చేస్తుంది, వాటికి గ్రీజు గన్‌తో గ్రీజు పెట్టడం డ్రైవర్లకు దినచర్యలాంటిది. కార్లలో మనకొచ్చే బాల్ జాయింట్లకు చాలావాటికి గ్రీజు ఎక్కించే మూతి, అదే గ్రీజు నిపుల్, అసలుండదు. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజే జీవితకాలం. ఆ గ్రీజుని కాపాడేది ఒక్క ఆ బూటు. అందుకే మేస్త్రీ ఒక మాట అన్నాడు: "జాయింటు అరగదు బాబూ, బూటు చిరుగుతుంది. చిరిగాక ఇసుకే అరగదీస్తుంది."

మరి జాయింటు పూర్తిగా పోతే ఏమవుతుంది? రోడ్డు పక్కన ముందు చక్రం వాలిపోయి, ముంగాళ్లు మడిచి కూలబడ్డ ఎద్దులా నిలబడ్డ కార్లని మీరు చూసే ఉంటారు. అందులో కొన్ని గుద్దుకున్నవి కావు, గిన్నెలోంచి గుండు ఊడిపోయినవి. అలా ఊడితే చక్రం దానికిష్టమైన వైపు తిరుగుతుంది, మన చేతిలో స్టీరింగ్ ఉంటుంది కానీ పనిచేయదు. నెమ్మదిగా మలుపు తిరుగుతున్నప్పుడు ఊడితే బతికిపోయినట్టే. మేం పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని దానితోనే వందకు పైన స్పీడులో వచ్చాం అని తెలిసి మా ఆవిడ ఆ తర్వాత గంటసేపు నాతో మాట్లాడలేదు.

చెక్ చేసుకోవడం ఎలా అని అడిగితే మేస్త్రీ విసుక్కోకుండా చెప్పాడు, కొంత నేను తర్వాత మా బండి మాన్యువల్ చూసి సరిచూసుకున్నాను. చిన్న కార్లు దాదాపు అన్నిటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకప్పూ కలిసి ఉండే నిలువు కాలు) సస్పెన్షనే, ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపం ఇచ్చింది, 1950లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్‌లో వాడారు. ఇందులో బండి బరువు స్ప్రింగు మీదుగా స్ట్రట్‌లోకి దిగుతుంది, కింది బాల్ జాయింటు బరువు మోయదు, చక్రాన్ని దాని చోట పట్టి ఉంచుతుందంతే. కాబట్టి జాకీని బాడీ కింద పెట్టి చక్రం గాల్లో వేలాడేలా లేపి చూడాలి. వీలైతే ముందు చక్రాలు రెండూ లేపాలి, ఒక్కటే లేపితే ముందు చక్రాలు రెంటినీ కలిపే స్టెబిలైజర్ బార్ ఆర్మ్‌ని లాగిపట్టి వదులుని దాచేస్తుంది. పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉండి, స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే బండ్లలో లెక్క వేరు. వాటిలో కింది జాయింటే బరువు మోస్తుంది, బాడీ కింద లేపితే స్ప్రింగు ఆర్మ్‌ని కిందికి తోసి జాయింటుని బిగదీసి ఉంచుతుంది, ఎంత ఊపినా వదులు తెలియదు. వాటికి జాకీ ఆర్మ్ కిందే పెట్టాలి. ఇది తెలియక "బాగానే ఉంది సార్" అని పంపించేసే షెడ్లు చాలానే ఉన్నాయి.

చక్రం లేచాక టైరుని గడియారం అనుకోండి. పన్నెండు దగ్గర ఒక చెయ్యి, ఆరు దగ్గర ఒక చెయ్యి పెట్టి లోపలికీ బయటికీ ఊపితే వదులు తెలిసిందంటే అది బాల్ జాయింటు కావచ్చు, వీల్ బేరింగూ కావచ్చు. తేడా కనిపెట్టాలంటే ఇంకొకర్ని బ్రేకు గట్టిగా తొక్కి పట్టమని మళ్లీ ఊపాలి. బ్రేకు పట్టాక వదులు పోతే బేరింగు, అలాగే ఉంటే బాల్ జాయింటు వైపు చూడాలి. మూడు, తొమ్మిది దగ్గర పట్టుకుని ఊపినప్పుడు ఆడితే ఎక్కువగా టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే రాడ్డు చివరి కీలు) సంగతి. చివరగా ఆర్మ్‌కీ నకిల్‌కీ మధ్య చిన్న పలుగులాంటి రాడ్డు పెట్టి మెల్లగా ఎత్తి చూడాలి. మెక్‌ఫర్సన్ బండిలో బరువు మోయని ఆ జాయింటు కంటికి కనిపించేలా కదిలిందంటే చాలు, మార్చాల్సిందే. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టి వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేసి అప్పుడు తల పెట్టండి.

మార్చే పని దగ్గరికొస్తే మా ముందు రెండు దారులున్నాయి. మా బండిలో జాయింటుని ఆర్మ్‌లోకి ప్రెస్ చేసి, ఊడకుండా సర్‌క్లిప్ అనే రింగు వేసి ఉంటుంది, జాయింటు ఒక్కటే కొంటే 650. ఆర్మ్ మొత్తం, కొత్త జాయింటూ కొత్త బుష్‌లతో (ఆర్మ్ బాడీకి తగిలే చోట ఉండే రబ్బరు దిమ్మలు) కలిపి, 2,150. కొన్ని బండ్లలో జాయింటుని రివెట్లతో బిగిస్తారు, ఆ తలలు కోసి, కొత్తదాన్ని బోల్టులతో బిగించాలి. కొన్నిటిలో అసలు ఊడదు, ఆర్మ్ మొత్తం కొనాల్సిందే. మేస్త్రీ మా బుష్‌లు చూపించాడు, ఎండాకాలం చెరువు అడుగులా పగుళ్లు. ఆర్మే వేసేయమన్నాను. మీ బుష్‌లు బాగుంటే జాయింటు ఒక్కటే మార్చడంలో తప్పేం లేదు, కానీ హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోట చేయించండి. పక్క షెడ్డులో ఒకాయన అదే పని సుత్తితో చేస్తున్నాడు, ప్రతి దెబ్బా నా గుండెకే తగిలినట్టుంది. నొక్కేటప్పుడు బలం అంచు మీద పడాలి, మధ్య మూత మీదో బూటు మీదో పడితే కొత్త జాయింటు బిగించకముందే చచ్చిపోతుంది. ఆర్మ్ రంధ్రం వదులైందని జాయింటు చుట్టూ రెండు టాకాలు వెల్డింగ్ కొట్టే అలవాటు కూడా ఉంది మన దగ్గర. వద్దు. ఆ వేడికి లోపలి ప్లాస్టిక్ పొర కరుగుతుంది, గ్రీజు ఉడుకుతుంది. రంధ్రం వదులైతే ఆర్మ్ మార్చాలి, అంతే.

ఊడదీయడంలో అరగంట ఒక్క బోల్టుకే పోయింది. మా జాయింటు స్టడ్డుకి మెడ దగ్గర చిన్న గాడి ఉంటుంది, నకిల్‌లో అడ్డంగా వెళ్లే బిగింపు బోల్టు ఆ గాడిలోంచి పోతుంది. కాబట్టి బోల్టు వదులు చేస్తే సరిపోదు, మొత్తం బయటికి రావాలి, లేకపోతే ఎన్ని దెబ్బలు కొట్టినా స్టడ్డు రాదు. తొమ్మిదేళ్ల తుప్పు కదా. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, టీ తెప్పించుకుని తాగి, మళ్లీ పానా వేసి, బిగించే వైపు కొంచెం, వదిలే వైపు కొంచెం, అలా ఆడిస్తూ ఆడిస్తూ తీశాడు. తర్వాత నకిల్ చీలికలో ఉలి పెట్టి ఒక్క వెంట్రుకవాసి తెరిచి, ఆర్మ్ మీద రాడ్డు వేసి కిందికి నొక్కితే స్టడ్డు జారి వచ్చింది. వెంటనే నకిల్‌ని తాడుతో లోపలి వైపు బాడీకి కట్టేశాడు. ఎందుకంటే అది బయటికి వేలాడితే లోపల యాక్సిల్ జాయింటు ఊడి గేర్ ఆయిల్ కారొచ్చు, బ్రేకు పైపూ లాగుతుంది. ఈ తాడు సంగతి నాకు భలే నచ్చింది, తెలిసినవాడి పని ఇలాంటి చోటే బయటపడుతుంది.

మీ బండిలో స్టడ్డు శంకులా కోసుగా ఉండి, గాడులు తీసిన నట్టు, అది తిరగకుండా అడ్డం వేసే స్ప్లిట్ పిన్ ఉంటే పద్ధతి మారుతుంది. నట్టు తీసినా స్టడ్డు రంధ్రంలో పట్టేసి ఉంటుంది, పుల్లర్‌తో తీయాలి, లేదా నకిల్ కన్ను పక్క భాగం మీద సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేస్తే అదిరి ఊడుతుంది. రెండు పళ్ల ఫోర్కు దూర్చి కొడితే త్వరగా వస్తుంది కానీ బూటు చిరుగుతుంది, పారేసే జాయింటైతే ఫర్లేదు. బిగించేటప్పుడు పిన్ను రంధ్రం కలవకపోతే నట్టుని ఇంకొంచెం బిగించి కలపాలి, వెనక్కి వదిలి కలపకూడదు. స్ప్లిట్ పిన్ కొత్తది వేయించండి. పది రూపాయలు కూడా ఉండదు, అయినా పాతదే సాగదీసి వేస్తారు.

కొత్త ఆర్మ్ పెట్టె తెరవగానే మేస్త్రీ స్టడ్డుని బొటనవేలితో పక్కకి నెట్టి చూశాడు. కొత్త జాయింటు బిగువుగా, ఒకే రకంగా కదలాలట. వేలితో తాకితే తల వాల్చేసేదైతే షాపుకి తిరిగిచ్చేయమన్నాడు. ఆర్మ్ ఎక్కించి బాల్ జాయింటు బోల్టు టార్క్ రెంచితో (బిగువు కొలిచి బిగించే పానా) బిగించాడు, మాన్యువల్లో ఎంత ఉంటే అంతే, ఊహించి బిగించే బోల్టు కాదది. బాడీ వైపు బుష్ బోల్టులు మాత్రం సగం బిగించి వదిలేశాడు! మర్చిపోయాడేమో అని నేను అడిగేలోపే చక్రం వేసి, బండి దించి, గోతి మీదికి నడిపి, బండి బరువంతా చక్రాల మీద పడ్డాక కిందికి దిగి అప్పుడు బిగించాడు. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు ఆ వంపులోనే అతుక్కుపోతుంది, బండి కిందికి దిగగానే మెలితిరిగి, ఇక ఎప్పుడూ మెలికలోనే ఉంటుంది, ఏడాదికే చిరుగుతుంది. కొత్త బుష్‌లు వేయించుకుని ఆరు నెలలకే మళ్లీ చప్పుడని ఏడ్చేవాళ్లలో కొందరి కథ ఇదే అయ్యుండాలి.

పని కూలి 600, ఆ వీధి చివరే అలైన్‌మెంటు 400. ఆర్మ్ మారిస్తే అలైన్‌మెంటు తప్పదు, దాటేయకండి. అరిగిన టైరు మాత్రం వెనక్కి రాదు కదా, అది తర్వాత మార్చాను, మొత్తం ఖర్చులో పెద్దది అదే.

పాత జాయింటు లోపల చూడాలని అడిగితే కుర్రాడు నవ్వుతూనే గ్రైండరుతో అడ్డంగా కోసి ఇచ్చాడు. గుండు మీద మశూచి మచ్చల్లా తుప్పు గుంటలు, ప్లాస్టిక్ పొర ఒక పక్క కాగితంలా పలచబడి, గిన్నె గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. అది ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. మా అమ్మాయి సైన్సు ప్రాజెక్టుకి అడిగింది, కిరోసిన్‌తో కడిగి ఇచ్చాను, వాసనొస్తోందని మళ్లీ తెచ్చి పెట్టేసింది.

ఇక జాగ్రత్తలంటారా, గ్రీజు నిపుల్ లేని జాయింటుకి మనం చేసేదేం లేదు, చూడటమే పని. పంక్చరు అయినా, టైర్లు మార్పిడి చేసినా, చక్రం ఊడదీశారంటే నేను ఫోను లైటుతో బూటు చుట్టూ చూస్తాను, వేళ్లతో నొక్కి మడతల్లో పగుళ్లున్నాయా అని. చిరిగినా జాయింటు ఇంకా బిగువుగానే ఉండి, లోపలికి మట్టి చేరకపోతే బూటు ఒక్కటే కొని వేయించొచ్చు. మట్టి చేరాక సిరంజితో గ్రీజు ఎక్కించడం, పైన ట్యూబు ముక్క చుట్టడం లాంటివి పది రోజుల ముచ్చట, ఇసుకని గ్రీజుతో కలిపి నూరుకున్నట్టే. నిపుల్ ఉన్న బండైతే బూటు కొంచెం ఉబ్బగానే గన్ ఆపేయాలి, ఇంకా కొడితే పగిలేది బూటే. వాటర్ సర్వీసింగ్ వాళ్లని నీళ్ల గన్ను బూట్ల మీదికి దగ్గర నుంచి కొట్టొద్దని చెప్తున్నాను, చివర్లో బండి కింద కొట్టే డీజిలూ పాత ఆయిలూ కలిపిన స్ప్రే అసలే వద్దంటున్నాను. తుప్పు పట్టదని కొడతారు కానీ రబ్బరు నూనె తాగి ఉబ్బి మెత్తబడిపోతుంది, ముఖ్యంగా బుష్‌లు. "అందరూ కొట్టించుకుంటారు సార్" అంటాడు ప్రతిసారీ. నేను పక్కనే నిలబడి చూస్తాను.

కుడి వైపు మార్చలేదు. అప్పుడు బూటు బాగుంది, జాయింటు బిగువుగా ఉంది, రెండు వైపులా ఒకేసారి మార్చాలనే రూలేం లేదని మేస్త్రీనే అన్నాడు. మొన్న పంక్చరు షాపులో చక్రం ఊడదీసినప్పుడు చూశాను. చిరగలేదు కానీ కింది మడత నొక్కితే సన్నటి గీతలు కనపడుతున్నాయి. ఆర్మ్ కొని డిక్కీలో పడేశాను, దసరాకి ఊరెళ్లేటప్పుడు ఆటోనగర్‌లో ఆగుతాం. మా ఆవిడకి ఈసారి ముందే చెప్పాను.